పాతబస్తీ చెరువుల హద్దులు: ప్రామాణిక అంతర్జాల పట సేవల ద్వారా భూప్రాదేశిక సమాచార ప్రచురణ

సారాంశం

చెరువు హద్దు, నేల రకం, పంట విస్తీర్ణం వంటి భూప్రాదేశిక సమాచారాన్ని కేవలం బొమ్మగా కాక, ఇతర పటాలతో జోడించుకొనుటకు వీలైన సేవగా అంతర్జాలంలో ప్రచురించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదు పాతబస్తీని, దాని దక్షిణ, పశ్చిమ అంచులలోని చెరువులను ఉదాహరణగా తీసుకొని, ప్రచురణలో పొరపాట్లు ఏ మెట్టున జరుగుతాయో, అవి చట్టం నిర్దేశించిన 30 మీటర్ల, 9 మీటర్ల బఫర్ దూరాలను ఏ విధంగా అర్థరహితం చేయగలవో లెక్కలతో చూపుతుంది.

కీలక పదాలు: వెబ్ మ్యాప్ సర్వీస్, వెబ్ ఫీచర్ సర్వీస్, నిర్దేశాంక వ్యవస్థ, పూర్తి నీటిమట్టం, శిఖం భూమి, మూసీ

ఉపోద్ఘాతం

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత వానకు పాతబస్తీ దక్షిణాన ఉన్న పల్లెచెరువు నీరు కట్ట దాటి అల్ జుబైల్ కాలనీ తదితర ప్రాంతాల మీద పడింది. నాలుగు రోజుల తరువాత, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ సమీపంలోని గుర్రం చెరువుకు గండి పడగా హాఫిజ్ బాబా నగర్ పరిసరాలలోని ఇళ్లు మునిగినవి. నీరు తీసిన తరువాత మిగిలిన ప్రశ్న ఒక్కటే. చెరువు ఎక్కడివరకు ఉన్నది?

ఈ ప్రశ్నకు సమాధానం లేకపోలేదు. నిజానికి ఒకటికి మించి సమాధానాలు ఉన్నవి. రెవెన్యూ గ్రామపటంలో శిఖం సర్వే నంబర్లు ఉన్నవి. నీటిపారుదల శాఖ వద్ద పూర్తి నీటిమట్టపు రేఖ ఉన్నది. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ చెరువువారీగా పూర్తి నీటిమట్టపు పటాలను, ప్రాథమిక, తుది నోటిఫికేషన్లను తన జాలస్థలంలో ఉంచింది. ఉపగ్రహ చిత్రాలు ఉన్నవి. నూరేళ్ల క్రితపు నగర సర్వే పటాలు సైతం ఉన్నవి. లోపించినది సమాచారం కాదు; ఒక పటాన్ని మరొక పటంపై పరచి చూచుకొనే సౌలభ్యం. కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్ పత్రాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరచలేము. పరచవలెనన్న ప్రతివారూ దానిని మళ్లీ చేతితో గీయవలసిందే. పదిమంది గీసిన పది గీతలు పది చోట్ల పడతాయి. ఆ తేడాలోనే వివాదం పుడుతుంది, కొన్నిసార్లు ఇల్లు కూడా లేస్తుంది.

వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ విషయంతో పని ఏమిటన్న సందేహం కలుగవచ్చును. నేడు కాలనీల మధ్య చిక్కుకొని ఉన్న ఈ గొలుసుకట్టు చెరువులలో పలు చెరువులు ఒకనాడు తూములు, మత్తడి, ఆయకట్టు కలిగిన సేద్యపు చెరువులే. పాతబస్తీ ఉత్తర అంచున పారే మూసీ, నగరం దాటిన వెంటనే మురుగునీటితో పారా గడ్డిని, ఆకుకూరలను, వరిని పండిస్తుంది. ఎగువన చెరువు కుదించుకుపోతే దిగువన వరద పెరుగుతుంది. ఎగువన నాలాలో కలిసినది దిగువన పంటలోకి వస్తుంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి మీర్ ఆలం చెరువు కూతవేటు దూరంలోనే ఉన్నది. విస్తరణ శాస్త్రవేత్తలు సేకరించే నేల, నీటి, పంట సమాచారం కూడా ఇదే రీతిగా నివేదికల అనుబంధాలలో రంగుల బొమ్మలై నిద్రపోతున్నదన్న సంగతి మరువరాదు.

బొమ్మకు, సేవకు గల భేదం

అంతర్జాలంలో పటాన్ని ఉంచడం వేరు, పట సేవను నడపడం వేరు. మొదటి పద్ధతిలో చదువరికి పటం కర్త నిర్ణయించిన కొలతలో, కర్త ఎంచిన రంగులలో, కర్త ఎంచిన పొరలతో మాత్రమే అందుతుంది. రెండవ పద్ధతిలో చదువరి కంప్యూటరు సర్వరును అడుగుతుంది: ఫలానా పొర, ఫలానా అక్షాంశ రేఖాంశాల మధ్య భాగం, ఫలానా నిర్దేశాంక వ్యవస్థలో, ఇంత వెడల్పు ఇంత ఎత్తు గల చిత్రంగా కావలెను అని. సర్వరు ఆ ముక్కను అప్పటికప్పుడు గీసి పంపుతుంది. అడిగే విధానం అందరికీ ఒక్కటే అయినపుడు, ఒక సంస్థ సర్వరు నుండి చెరువు హద్దును, మరొక సంస్థ సర్వరు నుండి భూవినియోగాన్ని తెచ్చి ఒకే తెరపై ఒకదానిపై ఒకటి పరచవచ్చును. ఇరు సంస్థలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన పని కూడా లేదు. మన కార్యాలయాల వాడుక తెలిసినవారికి ఇది ఎంత పెద్ద వెసులుబాటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ అడిగే విధానాన్ని నిర్ణయించినది 1994లో ఏర్పడిన ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం. వెబ్ మ్యాప్ సర్వీస్ అనే ప్రమాణం తొలి రూపం 2000లో వెలువడింది. నేడు వాడుకలో ఉన్నవి ప్రధానంగా రెండు రూపాలు: 2002 నాటి 1.1.1, 2006 నాటి 1.3.0. తరువాతి రూపం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి 19128 సంఖ్య గల ప్రమాణానికి సమానం. వెబ్ మ్యాప్ సర్వీస్ ఇచ్చేది చిత్రాన్ని. హద్దు గీతను దాని బిందువులతో సహా, సర్వే నంబరు వంటి వివరాలతో సహా ఇచ్చేది వెబ్ ఫీచర్ సర్వీస్. వర్షపాతం, ఎత్తు వంటి గడుల విలువలను ఇచ్చేది వెబ్ కవరేజ్ సర్వీస్. వీటికి వారసులుగా ఓజీసీ ఏపీఐ అనే కొత్త ప్రమాణాల శ్రేణి 2019 నుండి వెలువడుతున్నది. విద్యార్థులు దానిని కూడా నేర్చుకొనుట మంచిది. అయితే దేశంలోని సర్వర్లలో అధికభాగం ఇంకనూ పాత ప్రమాణాలనే మాట్లాడుతున్నందున ఈ వ్యాసం వాటికే పరిమితమగుచున్నది.

ఈ విద్యకు ఉదాహరణను దూరదేశాలలో వెదకనక్కరలేదు. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2009 ఆగస్టులో ప్రారంభమైన భువన్ వేదిక ద్వారా 1:50,000 కొలతలో 2005–06, 2011–12, 2015–16 సంవత్సరాల భూవినియోగ పటాలను వెబ్ మ్యాప్ సర్వీసుగా అందిస్తున్నది. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఆ సేవ చిరునామా చేర్చిన మరుక్షణం పాతబస్తీ భూవినియోగం తెరపైకి వస్తుంది. కాని ఒక హెచ్చరిక. 1:50,000 పటంపై అర మిల్లీమీటరు మందం గల గీత నేలపై 25 మీటర్లు. అనగా 30 మీటర్ల బఫర్ ఆ పటంపై ఒక పెన్సిలు గీతకు కొంచెం ఎక్కువ. ఆ పటం జిల్లా ప్రణాళికకు ఉద్దేశించినది. ఒక ప్రహరీగోడ చెరువులో ఉన్నదో లేదో తేల్చుటకు కాదు. సేవ సులభంగా దొరుకుతున్నది కదా అని దానిని అన్నిటికీ వాడుట, దొరికిన తూకంతో బంగారాన్ని, బియ్యాన్ని ఒకటిగా తూచుట వంటిది.

మీర్ ఆలం చెరువుతో ఒక అభ్యాసం

ప్రమాణంలోని మూడు అభ్యర్థనలను మీర్ ఆలం చెరువు ఉదాహరణగా పరిశీలించవచ్చును. 19వ శతాబ్దపు తొలి దశకంలో నిర్మితమైన ఈ చెరువు కట్ట మట్టికట్ట కాదు. 21 అర్ధవలయాకార కమానులను అడ్డంగా పేర్చినట్లున్న రాతికట్టడం. పటంపై దానిని పోల్చుకొనుట చాలా తేలిక.

మొదటి అభ్యర్థన గెట్ కేపబిలిటీస్. సర్వరు వద్ద ఏయే పొరలు ఉన్నవి, వాటి పేర్లు, విస్తరించిన ప్రాంతం, లభించే నిర్దేశాంక వ్యవస్థలు, ప్రచురణకర్త వివరాలు, ఉపయోగ నిబంధనలు అన్నీ ఇందుకు సమాధానంగా వస్తాయి. ఇది దుకాణం ముందు వేలాడే ధరల పట్టిక వంటిది. దీనిని శ్రద్ధగా నింపని సర్వర్లే ఎక్కువ. పొర పేరు "లేయర్ 1" అని, వివరణ ఖాళీగా ఉంటే, ఆ సేవ సాంకేతికంగా పనిచేస్తున్నా ఎవరికీ పనికిరాదు.

రెండవది గెట్ మ్యాప్. చెరువు ఉన్న ప్రాంతం ఉత్తర అక్షాంశం 17.33–17.37, తూర్పు రేఖాంశం 78.42–78.46 మధ్య ఉన్నదనుకొని, 1000 చుక్కల వెడల్పు, 1000 చుక్కల ఎత్తు గల చిత్రాన్ని అడుగుదాము. ఈ అక్షాంశం వద్ద 0.04 డిగ్రీల రేఖాంశం సుమారు 4.25 కిలోమీటర్లు. కనుక చిత్రంలోని ఒక్కొక్క చుక్క నేలపై 4 మీటర్లకు పైబడిన గడి. ఇప్పుడు 2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులోని భవన నిర్మాణ నియమాలను గుర్తు చేసుకోవలెను. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టపు రేఖ నుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు 9 మీటర్లు, 10 మీటర్ల వెడల్పు వరకు గల నాలాకు 2 మీటర్లు వదలవలెను. మన చిత్రంలో 30 మీటర్లు ఏడు చుక్కలు. 9 మీటర్లు రెండు చుక్కలు. 2 మీటర్లు అర చుక్క. నాలా బఫర్ ఆ చిత్రంలో లేనేలేదన్నమాట. చిత్రాన్ని పెద్దది చేసి చూచినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు. చిన్న ప్రాంతానికి మళ్లీ అడగవలెను. అందుచేత హద్దును చూపుటకు వెబ్ మ్యాప్ సర్వీస్, హద్దును కొలుచుటకు వెబ్ ఫీచర్ సర్వీస్ అన్న విభజన పాటించుట అవసరం.

మూడవది గెట్ ఫీచర్ ఇన్ఫో. తెరపై ఒక బిందువును నొక్కినపుడు అక్కడి వస్తువు వివరాలను ఇది తెస్తుంది. చెరువు పొరకు ఏ వివరాలు జతపరచవలెనన్నది సాంకేతిక ప్రశ్నగా కనిపించినా, అసలు న్యాయం అక్కడే ఉన్నది. చెరువు పేరు, గ్రామం, సర్వే నంబర్లతో పాటు మరి నాలుగు అంశాలు తప్పనిసరిగా ఉండవలెను: ఆ గీత దేనిని సూచిస్తున్నది, ఏ ఆధారం నుండి వచ్చినది, ఏ తేదీ నాటిది, ప్రాథమిక నోటిఫికేషనా తుది నోటిఫికేషనా. ప్రాథమిక దశలోని గీతపై అభ్యంతరాలు చెప్పుకొనుటకు ప్రజలకు అవకాశం ఉంటుంది. దానిని, తుది గీతను ఒకే నీలిరంగులో చూపితే, అభ్యంతరం చెప్పవలసినవాడు ఆశ వదులుకుంటాడు, లేదా తుది గీత లోపల స్థలం కొన్నవాడు ఇంకా అవకాశం ఉన్నదని భ్రమిస్తాడు. ప్రాథమిక గీతను తెగిన గీతగా, తుది గీతను నిండు గీతగా చూపే శైలిని సర్వరులోనే నిర్ణయించవచ్చును.

ఇక్కడే మరొక గందరగోళాన్ని తొలగించుకోవలెను. పూర్తి నీటిమట్టం అనగా మత్తడి మట్టం వరకు నీరు నిండినపుడు తడిసే హద్దు. ఉపగ్రహ చిత్రం చూపేది ఆ చిత్రం తీసిన నాటి నీటి విస్తీర్ణం మాత్రమే. మే నెల చిత్రంలో సగానికి కుదించుకుపోయిన చెరువును చూపి, చెరువు ఇంతే అనుట ఎంత తప్పో, కట్ట తెగిన మరునాటి చిత్రం చూపి ఇదంతా చెరువే అనుట అంతే తప్పు. ఈ రెండింటిని వేర్వేరు పొరలుగా ప్రచురించవలెను. నీటి విస్తీర్ణపు పొరకు కాలాన్ని కూడా జతచేయుటకు వెబ్ మ్యాప్ సర్వీసులో అవకాశం ఉన్నది. చదువరి తేదీని ఎంచుకొని ఆ నాటి విస్తీర్ణాన్ని మాత్రమే అడగవచ్చును. 10 మీటర్ల స్పష్టత గల సెంటినల్–2 చిత్రాలు 2015 నుండి ఉచితంగా లభిస్తున్నందున విద్యార్థులు ఇటువంటి పొరను స్వయంగా తయారు చేయగలరు. వానాకాలపు మబ్బులు అడ్డు వచ్చినపుడు రాడార్ చిత్రాలు తోడ్పడతాయి గాని, ఇరుకు సందుల పాతబస్తీలో గోడల ప్రతిఫలనాల వలన రాడార్ కూడా వరదనీటిని తప్పిపోవుట కద్దు.

నిర్దేశాంకాల వద్ద జరిగే పొరపాట్లు

ప్రచురణలో అత్యధిక నష్టం కలిగించేవి ఇవి. పైగా చాలావరకు మౌనంగా జరుగుతాయి.

వెబ్ మ్యాప్ సర్వీస్ 1.1.1 రూపంలో ప్రాంతపు సరిహద్దులను ముందు రేఖాంశం, పిదప అక్షాంశం వరుసలో చెప్పవలెను. 1.3.0 రూపంలో, ఈపీఎస్‌జీ 4326 అనే సర్వసాధారణ వ్యవస్థకు ఆ వరుస తారుమారై ముందు అక్షాంశం వస్తుంది. పాత అలవాటుతో కొత్త రూపాన్ని అడిగినవారికి తెల్లని చిత్రం వస్తుంది. దోష సందేశం రాదు. ఎందుకు రాదో గమనించదగినది. అక్షాంశం 90 డిగ్రీలకు మించరాదు. గౌహతి రేఖాంశం 91 దాటినందున అక్కడ వరుస తప్పితే సర్వరు దానిని అసాధ్యమని పట్టుకొనగలదు. తెలుగు నేల రేఖాంశాలన్నీ 90కి లోపలే. చార్మినారు 17.36 ఉత్తరం, 78.47 తూర్పు వద్ద ఉన్నది. వరుస మారిస్తే 78.47 ఉత్తరం, 17.36 తూర్పు. అది ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవి. ప్రపంచ విత్తన భాండాగారం ఉన్న దీవి అదే; తారుమారైన చార్మినారు దానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. సర్వరు దృష్టిలో అది భూమిపై ఉన్న నిజమైన చోటే, అక్కడ పాతబస్తీ చెరువులు లేవు గనుక ఖాళీ చిత్రాన్ని వినయంగా పంపుతుంది.

ఈ పొరపాటు తెల్లకాగితం ఇస్తుంది కనుక ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. రెండవది అంతకంటె ప్రమాదకరం. భారత సర్వేక్షణ శాఖ పాత స్థలాకృతి పటాలు ఎవరెస్ట్ గోళాభాన్ని ఆధారం చేసుకొన్నవి. జీపీఎస్ పరికరం, నేటి ఉపగ్రహ చిత్రాలు డబ్ల్యూజీఎస్ 84ను అనుసరిస్తాయి. పాత పటం నుండి గీసిన చెరువును ఈ భేదం సరిచేయకుండా 4326 అని పేరు పెట్టి ప్రచురిస్తే, హైదరాబాదు వద్ద అది నూరు మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. చిత్రం చక్కగా కనిపిస్తుంది. చెరువు ఆకారం కూడా సరిగానే ఉంటుంది. కేవలం అది ఉండవలసిన చోట ఉండదు. 30 మీటర్ల బఫర్‌కు మూడు రెట్లకు మించిన పొరపాటిది. ఒక ఒడ్డున ఉన్న ఇళ్లను చెరువులోకి తోసి, ఎదుటి ఒడ్డున చెరువులో ఉన్నవాటిని బయటకు తెస్తుంది. కట్టను సరిచూడకుండా అటువంటి పొరను ప్రచురించకూడదు. మీర్ ఆలం చెరువుకు ఆ 21 కమానులు ఉండనే ఉన్నవి. గీత వాటి మీద పడుతున్నదో లేదో చూచుటకు రెండు నిమిషాలు చాలును.

మూడవది వైశాల్యం లెక్క. అంతర్జాల పటాలు చాలావరకు వెబ్ మెర్కేటర్ అనే 3857 వ్యవస్థలో చూపబడతాయి. భూమధ్యరేఖ నుండి దూరమైన కొద్దీ ఇది విస్తీర్ణాన్ని పెంచి చూపుతుంది. పాతబస్తీ అక్షాంశం వద్ద ఆ పెరుగుదల దాదాపు 10 శాతం. తెరపై పటంలో నేరుగా కొలిస్తే 100 హెక్టార్ల చెరువు 110 హెక్టార్లకు దగ్గరగా కనిపిస్తుంది. 9.5 హెక్టార్ల చెరువు 10 దాటి, 9 మీటర్ల బఫర్ తరగతి నుండి 30 మీటర్ల తరగతిలోకి ఎగబాకుతుంది. విస్తీర్ణం కొలుచుటకు యూటీఎం వ్యవస్థను వాడవలెను. అక్కడ కూడా ఒక మెలిక. 78 డిగ్రీల రేఖాంశం వద్ద యూటీఎం మండలాలు మారుతాయి. పాతబస్తీ 44వ మండలం, అనగా ఈపీఎస్‌జీ 32644లో ఉండగా, మూసీ పుట్టిన వికారాబాదు అనంతగిరి కొండలు 43వ మండలంలో పడతాయి. మూసీ పరీవాహకాన్ని ఒకే పొరగా తయారుచేసేవారు ముందుగానే ఒక మండలాన్ని ఎంచుకొని, ఆ సంగతి వివరాలలో వ్రాయుట మేలు.

నూరేళ్ల నాటి పటాన్ని సేవగా మార్చుట

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమైనవి. వరద తరువాతి పునర్నిర్మాణ కాలంలోనే, 1912–15 ప్రాంతంలో, లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరపు సర్వే పెద్ద కొలతలో జరిగింది. ఇళ్లు, సందులు, నాలాలు, బావులు, తోటలు నమోదైన ఆ పటాలు, నేడు నేలపై కనిపించని నీటిదారులను వెదకువారికి పెన్నిధి.

వీటిని పట సేవగా మార్చుటకు ముందు ప్రతి కాగితాన్నీ నేటి నిర్దేశాంకాలకు కట్టవలెను. అందుకు నాడూ నేడూ కదలని గుర్తులు కావాలి. 1578 నాటి పురానాపూల్, 1591 నాటి చార్మినారు నాలుగు మూలలు, మక్కా మసీదు ఇందుకు యోగ్యమైనవి. మూసీ ఒడ్డును మాత్రం గుర్తుగా తీసుకొనరాదు. వరద తరువాత నదికి కరకట్టలు కట్టినందున ఒడ్డు మారింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు ఎంత ప్రస్ఫుటంగా కనిపించినా సర్వే తరువాత వెలసినవి కనుక పనికిరావు. ఈ పరిశీలన లేక, నేటి కరకట్టను పాత పటంలోని ఒడ్డుతో బలవంతంగా కలిపినవారు, ఏ మార్పును వెదకుటకు బయలుదేరినారో ఆ మార్పునే చెరిపివేస్తారు.

కొన్ని గుర్తులను కట్టుటకు వాడక, సరిచూచుటకు విడిగా ఉంచవలెను. ఆ గుర్తుల వద్ద మిగిలిన సగటు దోషం 5 మీటర్లని తేలితే, 9 మీటర్ల బఫర్ విషయంలో ఆ పటం ఏమీ తీర్పు చెప్పలేదు. నాలా ఏ వైపుగా పారేదో మాత్రం నిస్సందేహంగా చెప్పగలదు. ఆ దోషపు సంఖ్యను సేవ వివరణలో ప్రచురించుట ప్రచురణకర్త బలహీనత కాదు. పాత పటంలోని చెరువు ఒడ్డు చట్టం చెప్పే పూర్తి నీటిమట్టపు రేఖ కాదన్న వాక్యం కూడా అక్కడే ఉండవలెను.

సర్వరుపై ప్రచురణ, తెలుగు పేర్లు

జియోసర్వర్, మ్యాప్‌సర్వర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఏదైనను ఈ పనికి చాలును. సమాచారాన్ని పోస్ట్‌జీఐఎస్ వంటి దత్తాంశనిధిలో ఉంచి, దానిని జియోసర్వర్‌కు అనుసంధానించి, పొరను ఎంచి, నిర్దేశాంక వ్యవస్థను ప్రకటించి, విస్తరించిన ప్రాంతాన్ని లెక్కించి, శైలిని జతచేసి ప్రచురించుట ఒక పూట పని. దానిని నడుపుతూ ఉండుట ఏళ్ల పని. విద్యార్థి పరిశోధన ముగియగానే ఆగిపోయే సర్వరు కంటె, విభాగం పేరున ఉన్న చిన్న సర్వరు మేలు. చిరునామా మారితే దానిపై ఆధారపడిన ప్రతి పటమూ ఖాళీ అవుతుంది.

తెలుగు పేర్ల విషయంలో షేప్‌ఫైలు మంచి వాహనం కాదు. దానిలో గడి శీర్షికకు 10 బైట్ల పరిమితి ఉన్నది. యూనికోడ్ యూటీఎఫ్–8 విధానంలో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకొనుట వలన శీర్షిక మూడు సంకేతాలకే ముగుస్తుంది. "చెరువు" అన్న మాట కూడా పట్టదు. జియోప్యాకేజ్ రూపంలో ఈ చిక్కు లేదు. చిత్రంలో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనిపిస్తే సర్వరులో తెలుగు ఫాంటు లేదని గ్రహించవలెను. చూచేవారి కంప్యూటరులో ఎన్ని ఫాంట్లు ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకనగా అక్షరాలను గీసేది సర్వరే.

పేర్లు మరొక విధంగా కూడా చిక్కుపెడతాయి. ఒకే చెరువును ఒకరు తలాబ్ అని, ఒకరు ట్యాంక్ అని, మరొకరు ఊరి పేరుతోను పిలుస్తారు. నగరం చుట్టూ బండ్లగూడ అనే పేరు గల ఊళ్లు ఒకటి కాదు: చాంద్రాయణగుట్ట వైపు ఒకటి, రాజేంద్రనగర్ వైపు ఒకటి, నాగోలు వైపు ఒకటి. కాబట్టి ప్రతి చెరువుకు మారని గుర్తింపు సంఖ్య ఒకటి ఇచ్చి, వాడుకలో ఉన్న పేర్లన్నిటినీ వేర్వేరు గడులలో నమోదు చేయవలెను.

ఏది ప్రచురించవచ్చును, ఏది కూడదు

2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ జారీచేసిన మార్గదర్శకాలు, భారతీయ సంస్థలు పటాలు తయారుచేసి ప్రచురించుటకు ముందస్తు అనుమతి అవసరాన్ని తొలగించినవి. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటె సూక్ష్మమైన సమాచారాన్ని భారతీయ సంస్థలే తయారుచేసి, దేశంలోనే నిల్వ ఉంచవలెనన్న నియమం మిగిలింది. 2022 డిసెంబరు 28 నాటి జాతీయ భూప్రాదేశిక విధానం కూడా ఈ దిశలోనే సాగింది. కనుక విశ్వవిద్యాలయ విభాగాలకు నేడు అడ్డు నియమాలు కావు.

అయితే నియమం అనుమతించినదంతా ప్రచురించదగినది కాదు. మూసీ దిగువన పారా గడ్డి పెంచేవారిలో కౌలుదారులు ఉంటారు. నీటి నమూనాలు తీసిన బిందువులను రైతు పేరుతో, కమతం హద్దుతో సహా వెబ్ ఫీచర్ సర్వీసులో ఉంచితే, ఒక కుటుంబపు గడ్డిని పాడి యజమానులు కొనకపోవుటకు ఆ ఒక్క బిందువు చాలును. నీటి నాణ్యత విలువ, నమూనా తేదీ, పరీక్షా విధానం బహిరంగంగా ఉంచి, బిందువును సమీప కాలువ భాగానికి ముడిపెట్టి, పేరును, కమతాన్ని ప్రచురణ పొర నుండి తొలగించుట తగిన పద్ధతి. జియోసర్వర్‌లో ఒకే పట్టిక నుండి కొన్ని గడులను మాత్రమే బయటకు చూపే పొరను రూపొందించవచ్చును.

ఇటువంటి పొర ఒకటి చెరువుల పొరతోను, నాలాల పొరతోను కలిసినపుడు విస్తరణ శాస్త్రవేత్తకు కొత్త పని మొదలవుతుంది. జూన్‌లో తొలి వాన పడగానే ఏ నాలా ముందుగా మూసీని చేరుతుంది, దాని దిగువ కాలువ కింద ఏ గడ్డి మడులు ఉన్నవి, ఆ మడుల నీటి నమూనాను ఏ తేదీన మళ్లీ తీయవలెను అన్న మూడు ప్రశ్నలకు ఒకే తెరపై, మూడు వేర్వేరు సర్వర్ల నుండి వచ్చిన పొరలతో సమాధానం వెదకవచ్చును. ఆ మూడింటిలో ఏ పొర ఏ తేదీ నాటిదో ముందుగా నొక్కి చూచుకొని, ఆ తరువాతనే రైతు వద్దకు బయలుదేరవలెను.